బొమ్మలు పగబట్టిన సినిమా: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

డాన్ గిల్‌రాయ్ రాసి తీసిన 'వెల్వెట్ బజ్‌సా' 2019 ఫిబ్రవరి 1న నెట్‌ఫ్లిక్స్‌లో విడుదలైంది. బొమ్మల వ్యాపారాన్ని ఎండగట్టే వ్యంగ్యం, దెయ్యం కథ రెండూ కలిసిన సినిమా. ఇది బాగుందని మేం రాశాక, నల్లగొండ, పాలమూరు వైపు నుంచి వచ్చిన ఉత్తరాలను ఈసారి ఒక్కచోట వేస్తున్నాం.

చూడనివాళ్ల కోసం కథ నాలుగు ముక్కల్లో. లాస్ ఏంజెలెస్‌లో రొడోరా బొమ్మలు అమ్మే పెద్ద గ్యాలరీ నడుపుతుంటుంది. ఆమె దగ్గర పనిచేసే జోసఫీనా ఉండే బిల్డింగులో డీస్ అనే ముసలాయన చనిపోతాడు. ఆయన గది నిండా ఆయన గీసిన బొమ్మలే. తాను పోయాక వాటిని నాశనం చేయమని చెప్పిపోయాడు. జోసఫీనా వాటిని ఎత్తుకొస్తుంది, రొడోరా అమ్మకానికి పెడుతుంది, మార్ఫ్ అనే పేరుమోసిన విమర్శకుడు ఆకాశానికెత్తుతాడు. ఆ తర్వాత చావులు మొదలవుతాయి. కింద ముగింపు సహా అన్నీ మాట్లాడుకున్నాం కాబట్టి, చూడాలనుకునేవాళ్లు చూసొచ్చి చదవండి.

ప్రశ్న (రామగిరి, నల్లగొండ): సినిమా మొత్తం చూసినా ఒక్కటి సమజ్ కాలేదు. ఈ దెయ్యం లెక్కేంది? డీస్ బొమ్మలు కొన్నోళ్లు బాగనే ఉన్నరు. పియర్స్, డామ్రిష్ బతికి బయటపడ్డరు. ఆఖరికి మెడ మీది పచ్చబొట్టు కూడా మనిషిని చంపుతదా?

జవాబు: ఎక్కువమంది అడిగింది ఇదే. చచ్చినవాళ్లు ఎవరు, ఏం తీసుకున్నారు అని వరుసగా చూస్తే లెక్క దొరుకుతుంది.

బ్రైసన్ గ్యాలరీ పనివాడు. గోడౌన్‌కు చేర్చాల్సిన బొమ్మల్లోంచి కాజేయబోయాడు. జాన్ డోండన్ పోటీ గ్యాలరీ యజమాని. డీస్ గతాన్ని తవ్వి తన వ్యాపారానికి వాడుకోవాలనుకున్నాడు. గ్రెచెన్ మ్యూజియం ఉద్యోగం వదిలి డబ్బున్నవాళ్లకు కొనుగోలు సలహాదారుగా చేరింది. తన ఖాతాదారుడి దగ్గరున్న బొమ్మలను మ్యూజియం గోడకెక్కించి రేటు పెంచడం ఆమె ఎత్తు. జోసఫీనా దొంగిలించింది, రొడోరా అమ్మింది, మార్ఫ్ పొగిడి పేరు తెచ్చుకున్నాడు. ఈ ఆరుగురూ డీస్ మాటను కాదని ఆయన బొమ్మలతో తమ పని చక్కబెట్టుకున్నవాళ్లే. పియర్స్ పాత తరం చిత్రకారుడు, ఆ బొమ్మల ముందు నిలబడి చలించిపోయాడు తప్ప వాటితో బేరం పెట్టలేదు. డామ్రిష్ కొత్త కుర్రాడు, ఈ గ్యాలరీ లోకమే వద్దని తన వీధికి తాను వెళ్లిపోయాడు. గ్యాలరీల్లో చిన్న ఉద్యోగం చేస్తూ, పదే పదే శవాలను చూసే కోకో కూడా బతుకుతుంది. ఆ అమ్మాయి తీసుకున్నది జీతం మాత్రమే.

అంటే ఎవరు చావాలన్నదానికి నియమం ఉంది. లేనిది ఎలా చావాలన్నదానికి. చంపే వస్తువులు చూడండి. బ్రైసన్‌ను పెట్రోలు బంకు గోడకున్న కోతుల బొమ్మ లాగేస్తుంది. గ్రెచెన్ చేతిని 'స్ఫియర్' అనే పెద్ద లోహపు గోళం తెంచేస్తుంది. జోసఫీనాను గోడ బొమ్మల రంగులు మింగేస్తాయి. మార్ఫ్‌ను 'హోబోమాన్' అనే మరబొమ్మ చంపుతుంది. ఇవేవీ డీస్ గీసినవి కావు. డీస్ పగ పక్క కళాకృతుల్లోకి ఎట్లా పాకిందో చెప్పే సన్నివేశం ఒక్కటి కూడా లేదు. హోబోమాన్‌ను దర్శకుడు మొదటి సీన్లలోనే, మయామీ ఆర్ట్ ఫెయిర్‌లో చూపించాడు. మార్ఫ్ దాన్ని అక్కడే బాగాలేదని కొట్టిపారేస్తాడు. వస్తువులను ముందే పరిచయం చేశాడు కానీ, వాటికి ప్రాణం రావచ్చన్న సూచన ఇవ్వలేదు. మీకు తెగని ముడి అక్కడుంది, అది సినిమా లోపమే.

పచ్చబొట్టు విషయంలో మాత్రం మేం సినిమా పక్షం. రొడోరా భయపడి ఇంట్లో ఉన్న కళాకృతులన్నీ ఖాళీ చేయిస్తుంది. ఒక్కటి మాత్రం ఇంట్లోంచి పంపలేదు, ఎందుకంటే అది ఒంటి మీదే ఉంది. వయసులో ఉన్నప్పుడు ఆమె ఉన్న పంక్ రాక్ సంగీత బృందం పేరు వెల్వెట్ బజ్‌సా. బజ్‌సా అంటే గుండ్రంగా తిరిగే రంపం. ఆ రంపం బొమ్మే మెడ వెనక పచ్చబొట్టు. డబ్బు కోసం కాకుండా కళ కోసం బతికిన రోజుల గుర్తు అది. ఆరు చావుల్లోనూ కథలోంచి పుట్టిన చావు ఇదొక్కటే అని మా అభిప్రాయం.

ప్రశ్న (మిర్యాలగూడ): భయపెట్టలేదు, నవ్వించలేదు. మీరు బాగుందని ఎట్లా రాశారు?

జవాబు: భయం తక్కువన్నమాట ఒప్పుకుంటాం. మొదటి చావు రావడానికే చాలాసేపు పడుతుంది. వచ్చాక కూడా తర్వాత చచ్చేదెవరో ముందే తెలిసిపోతుంది, ఎందుకంటే సినిమాలో మంచివాళ్లు ఇద్దరు ముగ్గురే. ఎవరి మీదా జాలి లేనప్పుడు చావు చూసి గుండె కొట్టుకోదు. మేం బాగుందన్నది వ్యాపారం చూపించిన తీరును. ఒక్క ఉదాహరణ చెప్తాం. జోసఫీనా పాత ప్రేమికుడి ప్రదర్శన మీద, ఆమె మాట కోసం మార్ఫ్ ఘోరమైన సమీక్ష రాస్తాడు. ఆ కుర్రాడు తాగి కారు నడిపి ఆసుపత్రి పాలవుతాడు. దెయ్యం లేని ఆ సన్నివేశం మిగతా అన్నింటికంటే ఎక్కువ భయపెట్టింది. మనసులో ఒకటి, రాతలో ఒకటి పెట్టే విమర్శకుడు ఏం చేయగలడో అది చూపిస్తుంది.

ప్రశ్న (మెట్టుగడ్డ, మహబూబ్‌నగర్): గ్రెచెన్ రక్తపు మడుగులో పడి ఉంటే, మ్యూజియానికొచ్చిన పిల్లలు, పెద్దలు అది కూడా ప్రదర్శనే అనుకొని తిరుగుతారు. మరీ అతిగా లేదా?

జవాబు: శవం దాకా వెళ్లలేదు కానీ, కళ ఏదో కళ కానిదేదో తెలియని గందరగోళం నిజంగా జరిగినదే. 2018 ఆగస్టులో పోర్చుగల్‌లోని పోర్టో నగరంలో, సెరాల్వెస్ మ్యూజియంలో ఒక సందర్శకుడు శిల్పి అనీష్ కపూర్ కళాకృతిలో పడి ఆసుపత్రిలో చేరాడు. నేల మీద నల్లరంగు గుండ్రంగా పూసినట్టు కనిపించేది నిజానికి దాదాపు రెండున్నర మీటర్ల లోతు గుంత. 2001లో లండన్‌లో బ్రిటిష్ కళాకారుడు డేమియన్ హర్స్ట్ పేర్చిన సిగరెట్ పీకలు, కాఫీ కప్పులు, ఖాళీ సీసాలను చెత్త అనుకుని గ్యాలరీ ఊడ్చే మనిషి సంచుల్లో నింపేశాడు. 2015లో ఇటలీలోని బొల్జానో మ్యూజియంలోనూ సరిగ్గా ఇట్లాగే ఒక కళాకృతి చెత్తలోకి పోయింది.

ఇంకొకటి. ఈ సినిమా మొదలయ్యేది మయామీ బీచ్ ఆర్ట్ బాసెల్ ఫెయిర్‌లో. సినిమా వచ్చిన పది నెలలకు, 2019 డిసెంబరులో, అదే ఫెయిర్‌లో ఇటలీ కళాకారుడు మౌరిజియో కటెలాన్ గోడకు టేపుతో అతికించిన అరటిపండు 1,20,000 డాలర్లకు అమ్ముడైంది. 2024 నవంబరులో అందులో ఒక ప్రతిని సోథెబీస్ వేలంలో 62 లక్షల డాలర్లకు కొన్నారు. కొన్నవారికి దక్కేది పండు కాదు, ధ్రువపత్రం, ఎంత ఎత్తులో ఎట్లా అతికించాలో చెప్పే సూచనలు. పండు కుళ్లితే కొత్తది పెట్టుకోవచ్చు. దర్శకుడు అతిగా ఊహించాడని అనలేం.

ప్రశ్న (వనపర్తి, డ్రాయింగ్ టీచర్): కొన్ని బొమ్మలు గోడౌన్‌లో దాచి రేటు పెంచడం నిజంగా ఉంటదా? మా జిల్లా చిత్రకారులు గ్యాలరీకి ఇచ్చేటప్పుడు ఏం చూసుకోవాలి?

జవాబు: ఉంటుంది. చనిపోయిన చిత్రకారుడి బొమ్మలు మళ్లీ పుట్టవు. వందా ఒకేసారి బయటపెడితే కొనేవాడు బేరమాడతాడు, పది పెట్టి మిగతావి దాస్తే కొనేవాళ్లు పోటీ పడతారు. ముందు పేరున్న ఒకరిద్దరు సేకర్తలకు తక్కువకిచ్చి, వాళ్ల గోడ మీద ఉందని చెప్పి తర్వాతివాళ్లకు ఎక్కువకు అమ్మడం రెండో మెట్టు. మ్యూజియంలో వేలాడితే మూడో మెట్టు. గ్రెచెన్ తొక్కింది దాన్నే.

మీ రెండో ప్రశ్నకు వద్దాం. గ్యాలరీ కమిషన్ సాధారణంగా 30 నుంచి 50 శాతం. లక్ష రూపాయల బొమ్మ అమ్ముడైతే మీ చేతికి 50 నుంచి 70 వేలు వస్తుంది. అందులోంచే ఫ్రేము, రవాణా ఖర్చులు కోస్తే ఎంత మిగులుతుందో ముందే అడగండి. ఫ్రేము ఖర్చు కమిషన్‌కు ముందు తీసేస్తారా, తర్వాతా అన్నదాంట్లోనే వేలల్లో తేడా వస్తుంది.

కాగితం లేకుండా ఒక్క బొమ్మ కూడా ఇవ్వకండి. ఆ కాగితం మీద బొమ్మ పేరు, కొలతలు సెంటీమీటర్లలో, దేంతో గీసింది, ఏ సంవత్సరం, అమ్మకం ధర, కమిషన్ శాతం, ఎన్ని నెలలు ఉంచుకుంటారు, అమ్మిన ఎన్ని రోజుల్లో డబ్బిస్తారు, పాడైతే భరించేది ఎవరు అన్నవి ఉండాలి. గడువు రాయకపోవడం వల్లనే ఎక్కువ గొడవలొస్తాయి. బొమ్మ రెండేళ్లు అక్కడే ఉండిపోతుంది, ఇంకోచోట ప్రదర్శనకు పెట్టలేరు, అడిగితే అమ్మకం జరగబోతోందంటారు.

బొమ్మ అమ్మినా దాని కాపీరైటు రాసిస్తే తప్ప పోదు. కొన్నవాడు బొమ్మను గోడకు పెట్టుకోవచ్చు కానీ క్యాలెండరు మీద అచ్చు వేసుకోలేడు. అట్లాగే మన కాపీరైట్ చట్టంలో 53ఎ సెక్షన్ ఉంది. మీ బొమ్మను కొన్నవాళ్లు మళ్లీ పదివేల రూపాయలు దాటిన ధరకు అమ్మితే, అందులో మీకు, మీ తర్వాత మీ వారసులకు వాటా అడిగే హక్కుంది. ఆ వాటా 10 శాతానికి మించదు. బొమ్మ ఎవరెవరి చేతులు మారిందో తెలిస్తేనే అడగగలరు కాబట్టి, మొదటి కొనుగోలుదారుడి పేరు గ్యాలరీ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి.

ప్రశ్న (దేవరకొండ): మా ఇంట్ల కిరాయికి ఉన్న పెద్దమనిషి పోయిండు. ఒంటరి మనిషి. గదిల ఒక ట్రంకు నిండా గీసిన బొమ్మలున్నయి. సినిమా చూసినంక ముట్టాలంటే భయమైతుంది. అవి మావేనా? ఏం చెయ్యాలె?

జవాబు: మీవి కావు. కిరాయి బాకీ ఉన్నా సామాను మీదైపోదు. చనిపోయినవారి వస్తువులు వారసులవి. దురుద్దేశంతో సొంతం చేసుకుంటే అది నేరం, భారతీయ న్యాయ సంహితలో 315వ సెక్షన్ ఇందుకోసమే ఉంది. బొమ్మ మీది కాపీరైటు కూడా వారసులదే, చనిపోయిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్ల పాటు.

ఇటువంటిదే షికాగోలో జరిగింది. హెన్రీ డార్జర్ ఆసుపత్రిలో ఊడ్చే పని చేసుకుంటూ ఒంటరిగా బతికి 1973లో చనిపోయాడు. ఆయన గదిలో 15,000 పేజీలు దాటిన కథ, వందల బొమ్మలు ఇంటి యజమానికి దొరికాయి. అవి ప్రపంచ ప్రసిద్ధమయ్యాయి. దాదాపు యాభై ఏళ్ల తర్వాత, 2022లో, దూరపు బంధువులు హక్కులు మావంటూ కోర్టుకెక్కారు. డీస్ కథ చూసిన చాలామందికి డార్జరే గుర్తొస్తాడు. మీకు అటువంటి తలనొప్పి రాకుండా ఇట్లా చేయండి.

ఇద్దరు తెలిసినవాళ్లను పిలిచి వాళ్ల ఎదుట ట్రంకు తెరవండి. ఏమేమున్నాయో రాసి ముగ్గురూ సంతకాలు పెట్టండి. చుట్టాల సంగతి ఆధార్ కార్డు, బ్యాంకు పాసుబుక్కు, పాత ఉత్తరాల నుంచి దొరకొచ్చు. పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా తెలిపి, రసీదు తీసుకోండి. వీలునామా గానీ, ఫలానాది చేయండని రాసిన చీటీ గానీ కనిపిస్తే విడిగా తీసిపెట్టండి. సినిమాలో అందరూ తొక్కేసింది ఆ మాటనే.

ఇక బొమ్మలను కాపాడటం. ప్రతి బొమ్మను ముందూ వెనకా ఫోటో తీయండి. వెనక రాసిన తేదీ, ఊరి పేరు ముందువైపు బొమ్మంత విలువైనవి. నంబరు వేయాలంటే వెనక మూలన మెత్తని పెన్సిల్‌తో రాయండి, బాల్‌పెన్ ముందుకు గుంట పెడుతుంది. తడిగుడ్డతో తుడవకండి. నీటిరంగులు లేచిపోతాయి, మన బోరు నీళ్లయితే ఆరాక తెల్లటి ఉప్పు చారలు కూడా మిగులుతాయి. దుమ్ముకు మెత్తని పొడి బ్రష్ చాలు.

చిరిగినచోట సెల్లో టేపు వేయకండి. నాలుగైదేళ్లలో అది పసుపు పచ్చగా మారి జిగురు కాగితంలోకి దిగుతుంది, తర్వాత నిపుణులు కూడా పూర్తిగా తీయలేరు. లామినేషన్ అసలే వద్దు. వేడికి రంగు అతుక్కుపోతుంది, వెనక్కి తీసే దారి లేదు. కాగితం బొమ్మల మధ్య ఆమ్లం లేని కాగితం వేసి పరచి పెట్టండి, దినపత్రికలు వేస్తే ఆ పసుపు బొమ్మకు దిగుతుంది. కాన్వాసును చుట్టాల్సి వస్తే రంగు వైపు బయటకు ఉండేట్టు, కనీసం 15 సెంటీమీటర్ల వ్యాసమున్న గొట్టం మీద చుట్టండి. రంగు లోపలికి పెట్టి సన్నగా చుట్టినవి విప్పేటప్పుడు పెచ్చులు రాలతాయి.

ట్రంకును నేల మీద, గోడకు ఆనించి పెట్టకండి. ఇటుకల మీద ఎత్తి, గోడకు జానెడు దూరంలో ఉంచండి, చెదలు దారి కట్టేది గోడ వెంటే. వేసవిలో రేకుల కింద గది వద్దు. వానాకాలంలో పది రోజులకోసారి తెరిచి చూడండి. బూజు తెల్ల చుక్కలుగా మొదలవుతుంది, అప్పుడే నీడలో గాలికి పెడితే ఆగుతుంది.

ట్రంకులో వందేళ్లు దాటినట్టు అనిపించే పటాలు గానీ, 75 ఏళ్లు దాటిన, బొమ్మలున్న రాతప్రతులు గానీ ఉంటే సంగతి వేరు. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వాటిని పురావస్తు శాఖ రిజిస్టరింగ్ ఆఫీసరు దగ్గర నమోదు చేయించాలి. సొంతంగా దేశం దాటించి అమ్మడం నేరం.

ప్రశ్న (భువనగిరి): డీస్ తన రక్తం కలిపి బొమ్మలు వేసినట్టు చూపించారు. రక్తంతో వేసిన బొమ్మ ఎర్రగా ఉంటుందా?

జవాబు: ఉండదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌లో ఉన్న ఇనుము గాలి తగిలి మారిపోతుంది, కొద్ది రోజుల్లోనే ఎరుపు పోయి ముదురు గోధుమరంగు, మందంగా పూస్తే దాదాపు నలుపు వస్తుంది. మందం పొర ఆరేటప్పుడు ముడుచుకుని పగులుతుంది. తేమలో బూజు, పురుగు పడతాయి. కాబట్టి తెర మీద ముదురు రంగులు పెట్టడం సరైన నిర్ణయమే. నిజంగా రక్తాన్ని ఎర్రగా నిలబెట్టాలంటే ఏం కావాలో బ్రిటిష్ శిల్పి మార్క్ క్విన్ చూపించాడు. 1991లో తన రక్తం సుమారు నాలుగున్నర లీటర్లతో తన తలను పోతపోశాడు. అది నిలవాలంటే ఎప్పుడూ గడ్డకట్టే చలిలోనే ఉండాలి, కరెంటు పోతే శిల్పం కరుగుతుంది. మన చేర్యాల పటాల వాళ్లు ఎరుపుకు ఇంగిలీకం వాడింది ఊరికే కాదు. రాతి నుంచి వచ్చిన ఎరుపు తరాలు నిలుస్తుంది.

ప్రశ్న (కల్వకుర్తి, డిగ్రీ విద్యార్థులు): సార్, మేం పది నిమిషాల హారర్ షార్ట్‌ఫిల్మ్ తీస్తున్నం. జోసఫీనా కాళ్ల మీదికి రంగు పాకే సీన్, బొమ్మ కదిలే సీన్ ఫోన్‌తో తీయొచ్చా? రక్తం ఎట్లా చేయాలె? బడ్జెట్ లేదు.

జవాబు: తీయొచ్చు. గ్రాఫిక్స్ లేకుండా ఇట్లా ప్రయత్నించండి.

పాకే రంగుకు పెద్ద గ్లాసు బియ్యప్పిండిని ఆరు గ్లాసుల నీళ్లలో ఉండలు కట్టకుండా కలిపి, గంజిలా జారే వరకు ఉడికించి, పూర్తిగా చల్లార్చండి. గిన్నెలుగా పంచి పోస్టర్ కలర్ కలపండి. అన్ని గిన్నెలూ ఒకే చిక్కదనంలో ఉండాలి. ఒకటి పల్చనైతే అది మిగతావాటి కిందికి దూరి అంతా బురదరంగు అయిపోతుంది. నేల మీద పాలిథీన్ పరిచి దాని పైన తెల్లకాగితం వేయండి. ఇప్పుడు అసలు కిటుకు. రంగును మోకాలి నుంచి పాదాల మీదుగా నేలకు పోసి, ఆ వీడియోను వెనక్కి తిప్పి వాడండి. నేల మీది రంగు కాళ్ల మీదికి ఎక్కినట్టు వస్తుంది. ఇది చెడేది రెండుచోట్ల. రంగు చుక్కలుగా కారితే వెనక్కి తిప్పినప్పుడు చుక్కలు పైకి ఎగిరి గుట్టు బయటపడుతుంది, కాబట్టి ధార తెగకుండా పోయాలి. రెండోది నటి కదలిక. భయపడి అడుగు వెనక్కి వేయాల్సిన చోట ముందుకు వేయాలి. గాలికి ఊగే చున్నీ, జుట్టు ఫ్రేములో ఉండకూడదు.

కదిలే బొమ్మకు ఒకే కొలత ఫ్రేములు రెండు తీసుకోండి. ఒకదాంట్లో మామూలు బొమ్మ. రెండోదాంట్లో అదే బొమ్మ ప్రింటు, ముఖం మేరకు కోసి తీసేయండి. వెనక మీ స్నేహితుడు ముఖానికి బొమ్మలోని రంగులే పూసుకుని, రంధ్రానికి ముఖం ఆనించి కూర్చోవాలి. కోత అంచు నీడ ముఖం మీద పడిందా, ఎవరైనా పట్టేస్తారు. లైటు ఒక్కవైపు నుంచి కాకుండా రెండు వైపుల నుంచీ 45 డిగ్రీల్లో సమానంగా పెడితే ఆ నీడ పోతుంది. కదలిక చిన్నది చాలు. కళ్లు తిప్పడం, అంతే. తల తిప్పితే నవ్వొస్తుంది.

రక్తానికి రెండు గ్లాసుల చక్కెర, ఒక గ్లాసు నీళ్లు, నాలుగు చుక్కల నిమ్మరసం వేసి పాకం పట్టండి, తీగపాకం రాకముందే దించండి. నిమ్మరసం లేకపోతే చల్లారాక పాకం గడ్డలు కడుతుంది. చెంచా కార్న్‌ఫ్లోర్‌ను నీళ్లలో కలిపి ఆ వేడి మీదే పోసి తిప్పండి. చల్లారాక రెండు చెంచాల ఎర్ర ఫుడ్ కలర్, చెంచా కోకో పొడిని వేడినీళ్లలో ముద్ద చేసి కలపండి, చివర ఒక్క చుక్క నీలం. కోకో వేయకపోతే వెలుతురు దూరిపోయి రూహఫ్జా షర్బత్‌లా కనిపిస్తుంది. నీలం రెండు చుక్కలు దాటితే ఊదారంగవుతుంది. ముందు పాతబట్ట మీద పోసి, అదే లైటు కింద ఫోన్‌తో చూశాకే అసలు చొక్కా మీద పోయండి. చీమలు పట్టేస్తాయి, షూటింగ్ అయిన వెంటనే నేల కడగండి.

ఫోన్‌లో ఫోకస్, వెలుతురు రెండూ లాక్ చేయండి. లేకపోతే రంగు ఫ్రేములోకి రాగానే ఫోన్ వెలుతురు దానంతటదే మార్చేస్తుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెడితే ట్యూబ్‌లైటు మిణుకు రాదు.

ఒక్క విషయం గట్టిగా చెప్తున్నాం. జాన్ డోండన్ ఉరి సీన్ చూసి కండువా మెడకు కట్టి తీయడానికి ప్రయత్నించకండి, ముడి వదులుగా ఉన్నా సరే, కింద స్టూలు ఉన్నా సరే. ఆ సీన్ కావాలంటే నేల మీది నీడలో ఊగే రెండు చెప్పులు తీయండి. చెప్పులకు దారం కట్టి పైనుంచి ఆడిస్తే చాలు.

ప్రశ్న (పుట్టపాక, నేత కార్మికుడు): బొమ్మ గీసినాయనకు ఏమీ రాలే, అమ్మినోళ్లకు కోట్లు. మా తేలియా రుమాలు డిజైను కూడా గట్లనే ఎవరో కాపీ కొట్టి అమ్ముకుంటున్నరు. జీఐ వచ్చింది కదా, ఆపలేమా?

జవాబు: పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో వచ్చిన జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు, ఆ పేరును కాపాడుతుంది. ఇంకోచోట చేసినదాన్ని పుట్టపాక తేలియా అని అమ్మితే ఆపొచ్చు. మీరు మీ ఇంట్లో కట్టిన కొత్త చిటికి (నూలుకు ముళ్లు కట్టి రంగులద్దే) డిజైనును మాత్రం అది కాపాడదు. దానికి డిజైన్ల చట్టం, 2000 కింద రిజిస్ట్రేషన్ చేయించాలి. మొదట పదేళ్లు, తర్వాత ఇంకో ఐదేళ్లు పొడిగించుకోవచ్చు. చాలామంది పోగొట్టుకునేది ఒక్కచోటే. దరఖాస్తు చేయకముందే ఫోటో వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది, ఎగ్జిబిషన్‌లో చీర వేలాడుతుంది. బయటపడిన డిజైను కొత్తది కాదంటారు, రిజిస్టర్ కాదు. కాబట్టి మగ్గం మీదున్నప్పుడే దరఖాస్తు పెట్టండి, షావుకారుకు చూపించేది ఆ తర్వాతే. జీఐలో మీ పేరును అధీకృత వాడుకదారుగా విడిగా నమోదు చేయించుకోండి, సంఘం పేరు ఉన్నంత మాత్రాన మీ పేరు ఉన్నట్టు కాదు.

ప్రశ్న (గద్వాల): పిల్లలతో కలిసి చూడొచ్చా? మా బాబుకు బొమ్మలంటే ఇష్టం.

జవాబు: వద్దు. అమెరికాలో దీనికి ఆర్ రేటింగ్ ఇచ్చారు, అంటే 17 ఏళ్ల లోపువాళ్లు పెద్దల తోడు లేకుండా చూడకూడదు. చేయి తెగే దృశ్యం, మార్ఫ్ చనిపోయే దృశ్యం, నగ్నత్వం ఉన్నాయి. బొమ్మలంటే ఇష్టమున్న పిల్లవాడిని ఒక ఆదివారం అలంపురం మ్యూజియానికి తీసుకెళ్లండి, మీ జిల్లాలోనే ఉంది. ఒక చిన్న నోటుబుక్కు, పెన్సిల్ వెంట పెట్టండి, చూసిన శిల్పాల్లో నచ్చిన ఒక్కదాన్ని అక్కడే కూర్చుని గీయనివ్వండి.